నల్లంచికి నేను చేయించిన స్నానం

నా పుణ్యమా అని గుప్పెడంత పిట్ట ఒకటి ఫ్లెక్సీ ఎక్కింది, ఒక పల్లిచేను ఎండుముఖం పట్టింది, మా అక్క నాతో మాట్లాడటం మానేసింది. మా బావ మాత్రం మానలేదు. ఈ రెండింటిలో ఏది పెద్ద శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేక జరిగిందంతా మీ ముందు పెడుతున్నాను. చివరిదాకా చదివి మీరే తీర్పు చెప్పండి. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి కలిగితే కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి చదవండి, పోతుంది.

నాది వనపర్తిలో ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు నా జీవనం. కెమెరా పట్టుకోవడంలో నాకు పెద్ద పేరేమీ లేదు. నా పేరంతా కంప్యూటర్‌లో ఉంది. ఫోటోలు కెమెరాలోంచి కంప్యూటర్‌లోకి దిగుతుండగానే వాటంతట అవే బాగుపడేలా ఒక ఏర్పాటు చేసి పెట్టుకున్నాను. ముఖాలు తెల్లబడతాయి. మొటిమలు, మచ్చలు, గాట్లు మాయమవుతాయి. నల్లటి నీడలన్నీ కాస్త నీలాన్ని పులుముకుని చల్లబడతాయి. దీనికి నేను పెట్టుకున్న పేరు స్నానం. నా కంప్యూటర్‌లో స్నానం చేయకుండా ఏ మనిషీ ఆల్బం గడప తొక్కలేదు. ఎండాకాలం ముహూర్తంలో మాడిపోయిన పెళ్ళికొడుకు నా ఆల్బంలో అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన ఆపిల్ పండులా ఉండేవాడు. ఒకసారి ఒక ముసలమ్మ ముడతలన్నీ తుడిచిపెట్టుకుపోతే, ఆమె సొంత మనవడే ఆల్బం చూసి ఈమె పెళ్ళికూతురి చెల్లెలా అని అడిగాడు. ఆ ఇంటివాళ్ళు కోప్పడతారేమోనని నేను భయపడ్డాను. వాళ్ళు ఇంకో కాపీ అడిగారు. ఇలాంటి మెప్పు దొరికాక మనిషి బాగుపడడం కష్టం.

మా అక్క చెన్నమ్మ పెళ్ళి ఆల్బం నేను చేయించిన మొట్టమొదటి స్నానం. దాని సంగతి దాని చోట చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నన్ను ఇక్కడే వదిలేసి పోతారు.

పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే కెమెరాకు పని లేదు, నాకు అసలే లేదు. అలాంటి ఒక పుష్యమాసంలో ఎవరో నన్ను వాట్సాప్‌లో పిట్టల గ్రూపులో చేర్చారు. అందులో బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఒక తహసీల్దారు, పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పి సాయంత్రం దాకా కనబడని పెద్దమనుషులు ఉండేవారు. ఏ పిట్ట ఏదో అక్కడ తేల్చేది పుస్తకం కాదు, లెన్సు పొడవు. అందరికన్నా పొడవైన లెన్సు అయిజలో విత్తనాల దుకాణం నడిపే నాగిరెడ్డి గారిది. బోరుబావి కేసింగ్ పైపుకూ దానికీ పెద్ద తేడా లేదు. ఆయన మాటే తీర్పు. నేను ఎంతో కష్టపడి, ముళ్ళకంపల్లో పాకి, చొక్కా చింపుకుని తీసి పెట్టిన ప్రతి ఫోటో కింద ఆయన ఒకే ఒక్క మాట రాసేవారు: కాకి.

నిజమే. కాకే. కానీ రోజూ చెప్పాలా?

మా అక్కాబావలు గోపాల్‌పేట దగ్గర ఒక రాళ్ళగుట్ట కింద భూమి కౌలుకు చేస్తారు. బావ పేరు కుర్మయ్య. పెళ్ళైనప్పటి నుంచి ప్రతి ఎండాకాలం పుణె పోయి, కట్టే బిల్డింగుల్లో కాంక్రీటు మోసి, వానలు పడేసరికి సగమై తిరిగొచ్చేవాడు. ఆ ఏడు యాసంగికి పల్లి వేశారు. పంట సరిగ్గా చేతికొస్తే ఇక పుణె పోనని బావ అక్కకు మాటిచ్చాడు. అందుకని అక్క ఆ చేనును చేనులా చూడలేదు. మొగుణ్ణి ఇంటి దగ్గర కట్టి ఉంచే తాడులా చూసింది. కలుపు తీస్తూ కూడా దానితో మాట్లాడేది. ఈ ముక్క మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నేను మరిచిపోయాను.

ఒకరోజు కెమెరా మెడలో వేసుకుని వాళ్ళ చేనుకు పోయాను. పైన గుట్ట మీద ఒక బండ కొసన ఒంటరిగా నల్లటి పిట్ట కూర్చుని పాడుతోంది. చిన్న పాట, ఈల వేస్తూ మధ్యలో మాట మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది. వెనకాల సూర్యుడు. నా కంటికి కనబడింది పిట్ట ఆకారం ఒక్కటే. కొంచెం పక్కకు జరిగి చూస్తే చాలు, రంగులన్నీ కనబడేవి. కానీ పక్కన పల్లేరు ముళ్ళున్నాయి. ఇంటికి పోయి కంప్యూటర్‌లో చూసుకుందాంలే అనుకున్నాను. ఇంత చదువు వచ్చిన కంప్యూటర్ ఉండగా కళ్ళకు పని చెప్పడమెందుకు?

సాయంత్రం స్టూడియోలో ఫోటోలు దింపాను. దిగుతున్న పిట్ట దిగుతున్నట్టే స్నానం చేసింది. తెర మీదికొచ్చేసరికి అది నల్లగా లేదు. ముదురు నీలం. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. పిట్టల పుస్తకం తిరగేశాను. చలికాలంలో మంచు కొండల నుంచి దిగి వచ్చి, మన రాళ్ళగుట్టల మీద ఒంటరిగా తిరిగి, ఎండలు ముదరకముందే వెళ్ళిపోయే నీలం పిట్ట ఒకటుంది. ఇంగ్లీషులో బ్లూ రాక్ థ్రష్ అంటారు, మా గ్రూపులో నీలి బండపిట్ట అనేవారు. పుస్తకంలోని బొమ్మను నా ఫోటో పక్కన పెట్టి చూశాను. అచ్చు అదే. బొమ్మ కంటే నా పిట్టే శుభ్రంగా ఉంది.

ఫోటో గ్రూపులో పెట్టి, దేవుడికి దండం పెట్టుకుని కూర్చున్నాను. నాగిరెడ్డి గారు చాలాసేపు ఏదో రాస్తూ ఉన్నట్టు కనబడింది. చివరికి వచ్చింది ఒక్క మాట: అద్భుతం. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా పెళ్ళిలో కూడా తిరగలేదు.

మర్నాడే ఫోను పట్టుకుని చేనుకు పరుగెత్తాను. బావ ఫోటో చూశాడు, తలెత్తి గుట్ట వైపు చూశాడు.

"గా పిట్టనా? నేను మన ఇండ్ల పొంటి తిరిగే నల్లంచి అనుకుంటున్న బామ్మర్ది."

"నల్లంచికి రెక్క మీద తెల్లమచ్చ ఉంటది బావ. దీనికి ఉన్నదా, చూడు."

చూడు అంటూ నేను చూపించింది ఫోనును, గుట్టను కాదు. బావ ఫోను దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి వెతికాడు.

"లేదు."

"నల్లంచి నల్లగ ఉంటది. ఇదేం రంగున్నది?"

"ఫోటల నీలంగనే ఉన్నది." కళ్ళు నులుముకున్నాడు. "నా కండ్లే ఖరాబైనట్టున్నయ్. ఓసారి దవాఖానకు పోయి చూపిచ్చుకోవాలె."

పుట్టినప్పటి నుంచి ఆ గుట్టల్లో తిరిగిన మనిషి, ఎదురుగా ఉన్న పిట్టను పక్కన పెట్టి నా ఫోటోను నమ్మాడు. ఆ క్షణంలో నాకు సిగ్గు పుట్టాల్సింది. గర్వం పుట్టింది.

ఆ తర్వాత బావ ఇంకో మాట చెప్పాడు. ఆ పిట్ట రోజూ వాళ్ళ బోరు స్టార్టర్ డబ్బాలోంచి వస్తూ పోతూ ఉందట. వెళ్ళి చూస్తే నిజమే. మధ్యలో ఒక వాన పడి కొన్నాళ్ళు మోటారు ఆపారు. ఆ సందులో పిట్ట సంసారం పెట్టేసింది. డబ్బా తలుపు ఎప్పుడో ఊడిపోయింది. లోపల, బటన్ నొక్కగానే టక్కుమని కొట్టుకునే భాగానికి ఆనుకుని, గడ్డీ వెంట్రుకలూ పేర్చిన గూడు. అందులో మచ్చల గుడ్లు.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నీలి బండపిట్ట మన దేశపు ఈ మూల గూడు పెట్టదు. పెట్టిందంటే అది చరిత్ర. ఆ చరిత్ర మా బావ స్టార్టర్ డబ్బాలో ఉంది. మోటారు ఆన్ చేస్తే చరిత్ర మాడి బొగ్గవుతుంది.

"మోటర్ జోలికి పోవద్దు" అన్నాను.

అక్క అప్పుడే గంపెత్తుకుని వస్తోంది. గంప దించి నా వైపు చూసింది. "పల్లికి ఊడలు భూమిలకు దిగుతున్నయ్ తమ్మీ. గిప్పుడు నీళ్ళు లేకుంటే కాయ పట్టదు."

బావకు ఒక ఉపాయం తట్టింది. పక్క చేను రైతు మన్యంకొండ అనే ఆయన దగ్గర పాత స్టార్టర్ ఉంది, తెచ్చి పక్కన ఇంకో గుంజకు బిగించుకుందామన్నాడు. చక్కటి ఉపాయం. ఏ తెలివైనవాడైనా వెంటనే ఒప్పుకునేవాడు. నేను వద్దన్నాను. మంచు కొండల పిట్ట చాలా సున్నితమైనదని, దగ్గర్లో గుంజ పాతితే గుడ్లు వదిలేసి పోతుందని చెప్పాను. ఈ సంగతి నేనెక్కడా చదవలేదు. నోట్లోంచి వస్తుంటే నాకే కొత్తగా అనిపించింది.

"ఎన్నొద్దులు?" అంది అక్క.

"ఆదివారం దాంక అక్క. హైదరాబాద్ నుంచి పెద్ద సారు వచ్చి చూసిపోతే చాలు."

ఆ పెద్ద సారు పేరు ప్రభాకర్. మా గ్రూపులో నాగిరెడ్డి గారు కూడా సార్ అని పిలిచే ఏకైక మనిషి. ఆ ఆదివారం ఆయన వాళ్ళింట్లో ఎవరిదో నిశ్చితార్థం. తర్వాతి ఆదివారం మోకాలి నొప్పి. ఈలోపు గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలున్న గూడును కదిలించడమా? రామ రామ.

ఊళ్ళో సంగతి పాకింది. సర్పంచ్ శ్రీశైలం గారు మోటార్‌సైకిల్ మీద వచ్చి, డబ్బాకు దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని, పిట్టను అధికారిని చూసినట్టు చూశారు. ఇది వేరే ఏ ఊరికీ పోకుండా మన ఊరికే వచ్చిందా అని అడిగారు. అవునన్నాను. దేశం మొత్తం వదిలేసి ఇక్కడికే వచ్చిందంటే ఏదో అభివృద్ధి చూసే వచ్చి ఉంటుందని ఆయన తేల్చారు. వెంటనే ఫ్లెక్సీ చేయమన్నారు. మంచు కొండల నుంచి మా గ్రామానికి విచ్చేసిన అతిథికి స్వాగతం అని పైన, మధ్యలో పిట్ట, దాని పక్కన చేతులు జోడించిన సర్పంచ్ గారు, కింద వరుసగా వార్డు మెంబర్లు. తన ఫోటో కొంచెం బాగుండేలా చూడమని చెవిలో చెప్పారు. చూశాను. అందరినీ కలిపి ఒకేసారి స్నానం చేయించాను. ఫ్లెక్సీ కట్టాక చూస్తే పిట్టా సర్పంచూ ఒకే కడుపున పుట్టినవాళ్ళలా మెరిసిపోయారు. ఒక మెంబరు మాత్రం, పిట్ట బొమ్మ తన బొమ్మకంటే పెద్దదిగా ఎందుకుందని అలిగి చాయ్ తాగకుండా పోయాడు.

మా బావ అయితే పూర్తిగా మారిపోయాడు. దారిన పోయేవాళ్ళందరినీ ఆపి పిట్ట పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలుపెట్టాడు. అది ఎక్కడెక్కడ ఆగిందో, దారిలో ఏం తిన్నదో, మన భాష దానికి ఎంతవరకు తెలుస్తుందో అన్నీ ఆయనకు తెలుసు. వాటిలో సగం నేను చెప్పినవి, మిగతా సగం నాకన్నా నమ్మకంగా ఆయన చెప్పినవి. మంచు కొండల పిట్టకు మన ఎండ పడుతుందో లేదోనని గుంజ పక్కన చిప్పలో చల్లటి నీళ్ళు పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఆ చిప్ప నింపుతుండగా అక్క చూసింది.

"పిట్టకు నీళ్ళు పెడ్తున్నవ్, పుణ్యమొస్తది. శేనుకెవరు పెడ్తరు?"

బావ చిప్పను చూశాడు, చేనును చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు. నేను గుట్టను చూశాను.

అక్క పక్క చేను బోరు నుంచి బిందెలతో మోసుకొచ్చి ఒక అంచున కొన్ని సాళ్ళు తడుపుతోంది. మిగతా చేను తల వంచేసింది. పల్లి ఆకులు రాత్రి ముడుచుకుని పొద్దున విచ్చుకుంటాయి. ఇప్పుడవి మిట్టమధ్యాహ్నమే చేతులు ముడుచుకుని కూర్చున్నాయి. అక్క నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. అప్పుడు నేను చేసిన పని రాయకుండా దాటేద్దామనిపిస్తోంది, అయినా రాస్తాను. ఆ చేనును ఫోటో తీశాను. స్టూడియోకు పోయి దింపాను. పచ్చగా నిగనిగలాడుతోంది. మర్నాడు ఆ ఫోటో తెచ్చి అక్కకు చూపించి, ఊరికే పరేషాన్ అవుతున్నావు, చూడు ఎంత పచ్చగా ఉందో అన్నాను.

అక్క ఫోటోను చాలాసేపు చూసింది.

"గట్లయితే కాయ గూడ ఈ ఫోటల్నే పీకుదం తమ్మీ."

అంతే. ఆ పైన ఆమె నాతో ఏమీ మాట్లాడలేదు. బిందె తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం వాళ్ళింట్లో అటక మీద నుంచి బావ పుణె బ్యాగు కిందికి దిగి ఉండటం చూశాను. అక్కే దింపింది. దుమ్ము దులిపి, గోడకు ఆనించి పెట్టింది. ఆ బ్యాగును చూశాక నాకు అన్నం సరిగ్గా దిగలేదు. అయినా ఫోను తీసి గ్రూపులో ఎవరెవరు వస్తున్నారో లెక్క చూసుకున్నాను. మనిషిని నేను అలాంటివాణ్ణి.

చివరికి ప్రభాకర్ సారు మోకాలు కరుణించింది. ఆ ఆదివారం పొద్దున్నే కార్లు వచ్చాయి. ఆకుపచ్చ టోపీలు, ఒంటినిండా జేబులున్న కోట్లు, మెడల్లో దుర్భిణులు. నాగిరెడ్డి గారి లెన్సును ఇద్దరు దించారు. సర్పంచ్ గారు శాలువాలు తెచ్చారు. బావ తలకు కొత్త తువ్వాలు చుట్టి అందరికంటే ముందు నిలబడ్డాడు. అక్క కొంచెం దూరంలో గట్టు మీద, చేతులు కట్టుకుని.

దుర్భిణులన్నీ డబ్బా వైపు తిరిగాయి. డబ్బాలోంచి పిట్ట బయటికొచ్చింది. ఎగురుతుండగా రెక్క మీద తెల్లటి మచ్చ తళుక్కుమంది. నేరుగా వచ్చి ఫ్లెక్సీ మీద, సర్పంచ్ గారి తలకాయకు సరిగ్గా పైన వాలింది. అటు తిరిగి తోకను నిట్టనిలువుగా ఎత్తింది. తోక కింద ఇటుక రంగు. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. వచ్చిన పెద్దలందరికీ తీరిగ్గా చూపించాలని నిర్ణయించుకున్నట్టు ఉంది దాని వాలకం.

ప్రభాకర్ సారు దుర్భిణి దించి, మర్యాదగా గొంతు సవరించుకున్నారు.

"నల్లంచి కదండీ ఇది."

"ఇది వేరేది సార్" అన్నాను. "అసలుది గుట్ట మీద ఉంటుంది. ఇది ఊరికే చూడటానికి వచ్చింది."

చూడటానికి వచ్చిన నల్లంచి ఒక పురుగును పట్టుకుని డబ్బాలోకి దూరింది. పిల్లలు కిచకిచలాడాయి. అది బయటికొచ్చింది. బూడిదరంగు పెళ్ళాం ఇంకో పురుగుతో లోపలికి పోయింది. ఇద్దరూ వంతులు వేసుకుని, నాకు మాట్లాడే సందు లేకుండా, సంసారం చేసి చూపించారు.

"మీరు పంపిన ఫోటో, అసలుది, మొదట తీసింది, మీ కెమెరాలో ఉందా?" అని సారు అడిగారు.

ఉంది. ఇచ్చాను. ఇచ్చేటప్పుడు కూడా నాకు నమ్మకమే, పాపం. ఆయన కళ్ళజోడు పైకి తోసి, కెమెరా వెనక తెరను పెద్దది చేసి, నా వైపు తిప్పారు. నల్ల పిట్ట. రెక్క మీద తెల్లమచ్చ సున్నం పూసినట్టు ఉంది. పక్క ఫోటోలోనూ ఉంది. అన్నింట్లోనూ ఉంది.

"ఈ మచ్చ ఏమైంది?"

"తీసేసిన సార్." కంగారులో నా ఊరి భాష బయటపడింది.

"ఎందుకు తీశారు?"

"మచ్చ కద సార్."

"తోక కింద ఎరుపు?"

"కంప్యూటరు దాన్ని ఒరుసుకపోయిన గాయమనుకున్నట్టున్నది సార్."

"మరి నీలం?"

స్నానం సంగతి చెప్పాల్సి వచ్చింది. పెళ్ళికూతుళ్ళకు చేసే మర్యాదే పిట్టకూ జరిగిందని, తెలిసి చేసింది కాదని, పిట్ట మీద కోపంతో అసలే కాదని చెప్పాను. ఆ పెద్దమనిషి నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే బాగుండేది. కెమెరాను రెండు చేతులతో, పసిపిల్లను తల్లికి అప్పగించినట్టు, నాకు తిరిగి ఇచ్చారు. నాగిరెడ్డి గారు లెన్సుకు మూత పెడుతూ, నువ్వు కాకులు పెట్టినప్పుడే నయముండె అన్నారు. సర్పంచ్ గారు శాలువాలను మెల్లగా సంచీలోకి తోసి, పిట్ట మీద తెల్ల కాగితం అంటించి మిగతా ఫ్లెక్సీ ఉంచుకోవచ్చా అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

అప్పుడు గట్టు మీద నుంచి అక్క దిగి వచ్చింది. నాతో కాదు, ప్రభాకర్ సారుతో మాట్లాడింది.

"వీనికిది అలవాటే సారు. నా పెండ్లి ఆల్బంల నా బుగ్గ మీది పుట్టుమచ్చ తీసేసిండు. మా అత్త చూసి, ఇది మనింటికొచ్చిన పిల్ల కాదన్నది. ఆ దినమే నాలుగు తగిలిస్తే ఈ దినం నా శేను ఎండకపోవు."

బావ వైపు తిరిగి, పోయి మన్యంకొండ స్టార్టర్ తెమ్మంది. బావ తువ్వాలు విప్పి నడుముకు కట్టుకుని పరుగెత్తాడు. పక్కన గుంజ పాతారు, తీగలు కలిపారు, బటన్ నొక్కారు. వచ్చినవాళ్ళ కోసం పెట్టిన చాయ్ గ్లాసుల్లోకి వచ్చేలోపే బోరు నీళ్ళు పోసింది. నేను అన్నాళ్ళు ఆపిన పని అంతసేపే. ఇక సున్నితమైన ఆ పిట్ట ఏం చేసిందంటారా? కొత్త స్టార్టర్ మీద వాలి, తోకెత్తి, పాట పాడింది.

అప్పటికే ఆలస్యమైంది. బోరు దగ్గరి సాళ్ళు, అక్క బిందెలతో తడిపిన అంచు కాయ పట్టాయి. పై భాగమంతా చెట్టు పీకితే తాలు కాయలు, చేత్తో నొక్కితే గాలి. పీకినన్నాళ్ళూ నేనూ వంగి పీకాను, ఎవరూ పిలవకుండానే. కాయను అక్క, సర్పంచ్ గారు వదిలేసిపోయిన ఆ ఫ్లెక్సీ మీదే ఆరబోసింది. సర్పంచ్ గారి ముఖం మీద మంచి కాయ, నీలం పిట్ట మీద తాలు. ఆమె కావాలని వేరుచేసిందో లేదో నేను అడగలేదు.

బావ పుణె బ్యాగు ఇంకా గోడకు ఆనుకునే ఉంది. దాన్ని మళ్ళీ అటక ఎక్కించాల్సిన పని నాది. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. లైటు పట్టుకోవడానికి నాతో రమ్మని బావ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. ఆ ఎండాకాలం బావ పుణె పోలేదు. ఇంటి దగ్గరే తిన్నాడు, ఇంటి దగ్గరే పడుకున్నాడు. నా శిక్ష అక్కడ మొదలైంది. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా మేం పోయిన ప్రతి పెళ్ళిలో, పందిట్లో లైటు పైకెత్తి పట్టుకుని, పెళ్ళికూతురి మేనమామలకు, పురోహితుడికి, వంటవాళ్ళకు నల్లంచి కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు. తన కళ్ళు ఖరాబయ్యాయని తాను అనుకున్న ముక్క ఒక్కటే వదిలేసేవాడు. తలంబ్రాలకు ముందు పెళ్ళికూతురి దగ్గరికి వంగి, "బిడ్డా, మచ్చలుంటే ముందే చెప్పు. లేకుంటే మావోడు నిన్ను మంచు కొండల్కు తోలుతడు" అనేవాడు. పందిరంతా నవ్వేది. ఫోటోలు మాత్రం బాగా వచ్చేవి, అందరూ నవ్వుతున్నారు కాబట్టి.

అక్క మాత్రం మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మంచినీళ్ళిచ్చేది, మాట ఇచ్చేది కాదు. ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆమె పెళ్ళి ఆల్బం మళ్ళీ చేయాలి, పుట్టుమచ్చతో సహా. అసలు ఫోటోలు నా దగ్గర లేవు. స్నానం చేసినవాటినే ఉంచి మిగతావి ఎప్పుడో తుడిచేశాను. అందుకని ప్రతి ఫోటోలో నా చేత్తో, శ్రద్ధగా, ఒక్కో మచ్చ పెట్టాను. మచ్చలు తీసిన చేత్తో మచ్చలు పెడుతుంటే పాపం కొంచెం కొంచెంగా కరుగుతున్నట్టే అనిపించింది. కొత్త ఆల్బం మంచి అట్టతో కుట్టించి, తీసుకెళ్ళి అక్క ఒడిలో పెట్టాను.

మొదటి పేజీ తిప్పింది. రెండోది తిప్పింది. ఆమె ముఖం మెత్తబడుతోందనుకున్నాను. తలెత్తి నన్ను చూసింది. ఎండాకాలమంతా మూసి ఉన్న నోరు తెరుచుకుంది.

"ఏ బుగ్గ మీద పెట్టినవ్ర?"

చూశాను. ఫోటోలో మచ్చ ఎడమ బుగ్గ మీద ఉంది. ఎదురుగా ఉన్న ముఖంలో కుడి బుగ్గ మీద ఉంది. ఎప్పటినుంచో అక్కడే ఉంది.

"నువ్వు పుట్టినకాడికెళ్ళి గీ మొకమే కద తమ్మీ నీ ముంగట ఉన్నది."

వెనక బావ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు, నవ్వలేక. ఆయనకు ఆ ఏటి పెళ్ళిళ్ళకు రెండో భాగం దొరికింది. కానీ అక్క మాట్లాడింది, అది చాలు. ఆ ఆల్బం ఇంకా దాచుకుంది. ఇంటికొచ్చినవాళ్ళకు చూపించి, ఇందులో తప్పు ఎక్కడుందో కనిపెట్టమంటుంది. అందరూ కనిపెడుతున్నారు.

కాబట్టి ఓ పాఠకులారా, నా స్టూడియో కంప్యూటర్ మీద కుడి చెయ్యి వేసి, ఏది కుడో ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ పిట్టకూ, ఏ పల్లిచేనుకూ, ఎంత బతిమాలినా ఏ సర్పంచుకూ స్నానం చేయించను. నల్లగా ఉన్నదాన్ని నల్లగా ఉంచుతాను. తెల్లమచ్చకు దండం పెట్టి పక్కకు జరుగుతాను. పల్లేరు ముళ్ళున్నా సరే, ముందు కళ్ళతో చూస్తాను.

నేను ఈ ప్రమాణం చేస్తుండగా బావ ఫోటో తీశాడు. కళ్ళు సగం మూసి, నుదుటి మీద గాటుతో, ఉన్న వయసంతా కనబడుతూ ఉన్నాను. అలాగే గోడకు తగిలించాను. దాని పక్కనే, స్నానం చేయని నల్లంచి ఫోటో ఉంది. ఎప్పుడు చూసినా నా వైపే తోకెత్తి ఉంటుంది.